సొంత పేరు మీద అప్పు

ఆ వీధిలో ఆమెను అందరూ సోఫాలక్క అనేవారు. మేడ కింద, మెట్ల పక్కన, షట్టరు ఉన్న ఒక్క గదే ఆమె కార్ఖానా. లోపల కాళ్ళు పైకెత్తి బోర్లా పడుకున్న కుర్చీలు, గోడకు ఆనించిన ఫోము పలకలు, చుట్టలు చుట్టిన రెక్సిన్. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటే పెదాల మీదికి తెచ్చుకుని సుత్తితో కొట్టేది. ఎవరైనా బేరం మొదలుపెడితే మేకులు ఉమ్మకుండానే తల అడ్డంగా ఊపేది. అంతటితో బేరం ముగిసేది.

ఒకసారి కొత్త ఆసుపత్రి వాళ్ళు వరండాలో వేసే కుర్చీలన్నిటికీ మందపాటి తోలు వేయమని అడిగారు. ఆమె పాత మిషన్ మీద ఆ తోలు రెండు పొరలు పెట్టి చూసింది. సూది విరిగింది. ఇంకో సూది వేసింది. అదీ విరిగింది. మందపాటి తోలు కుట్టే పెద్ద మిషన్ ఉంటే తప్ప ఆ పని ఒప్పుకోవడానికి లేదు. డిపాజిట్ చేసుకున్న డబ్బు దాని ధరలో పావువంతుకు కూడా చాలదు. మిగతాది అప్పుగా తీసుకుందామని, ఎన్నో ఏళ్ళుగా ఖాతా ఉన్న బ్యాంకుకే వెళ్ళింది.

అప్పుల బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి కంప్యూటర్లో చూసి మొహం అదోలా పెట్టింది.

"మీ పేరు మీద ఏమీ రావట్లేదండీ."

"రాకపోతే మంచిదేగా అమ్మా. ఎవరికీ బాకీ లేనని."

"మంచీ కనిపించట్లేదు, చెడ్డా కనిపించట్లేదు. అసలు మీరే కనిపించట్లేదు. ఎప్పుడూ అప్పు తీసుకోలేదా?"

"ఎందుకు తీసుకోలేదు? ఇప్పుడున్న మిషన్ అప్పు మీద కొన్నదే. మూడేళ్ళు కట్టాను. ఒక్క నెల తప్పలేదు."

"అది ఎవరి పేరు మీద తీసుకున్నారు?"

"మా అన్నయ్య పేరు మీద."

ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. వాయిదా ఎవరు కట్టారన్నది బ్యాంకుకు తెలియదు. అప్పు ఎవరి పేరు మీద ఉంటే, సరిగ్గా కట్టారన్న మంచిపేరు వాళ్ళకే వెళుతుంది. దాన్నే క్రెడిట్ హిస్టరీ అంటారు, దానికి వేసే మార్కులే స్కోరు. అది లేనివాళ్ళకు అప్పు ఇవ్వడానికి పైవాళ్ళు ఒప్పుకోరు.

సోఫాలక్కకు ఒళ్ళు మండిపోయింది. అన్నయ్యకు పెద్ద రోడ్డు మీద ఫర్నిచర్ షాపు ఉంది. 'బ్యాంకువాళ్ళే ఫోన్ చేసి మరీ అప్పిస్తామంటున్నారు, మనకున్న పేరు అలాంటిది' అని అతను చుట్టాల ముందు చెప్పుకున్నప్పుడల్లా ఆమె కూడా మురిసిపోయేది. సొమ్మొకరిది సోకొకరిది అంటే ఏమిటో ఆమెకు ఆ బల్ల ముందు అర్థమైంది.

సంగతి తెలిసి అన్నయ్య ఆ సాయంత్రమే కార్ఖానాకు వచ్చాడు.

"బ్యాంకుల చుట్టూ నువ్వు తిరగడమేంటే? నా పేరు మీద తీసుకుందాం. పోయినసారిలాగే నువ్వు కట్టుకుంటూ పో."

"వద్దన్నయ్యా. ఈసారి నా పేరు మీదే."

"నీకెవరిస్తారు?"

"ఇచ్చేదాకా అడుగుతాను."

అతను నవ్వి, బోర్లా ఉన్న కుర్చీ ఒకటి తిప్పి వేసుకుని కూర్చోబోయాడు. "దానికి స్ప్రింగులు లేవు" అంది ఆమె. అతను నిలబడే మాట్లాడి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె మళ్ళీ బ్యాంకుకు వెళ్ళి అదే అమ్మాయి ముందు కూర్చుంది. "చరిత్ర లేదన్నారు. ఎక్కడ మొదలవుతుందో చెప్పండి, మొదలుపెడతాను." ఆ అమ్మాయి ఒక దారి చూపింది. ఆమె డిపాజిట్‌నే హామీగా పెట్టుకుని బ్యాంకు క్రెడిట్ కార్డు ఇస్తుంది. దాని పరిమితిలో మూడోవంతు దాటకుండా వాడాలి. బిల్లులో 'కనీసం ఇంత కడితే చాలు' అని ఉంటుంది, దాన్ని నమ్మకూడదు, మిగిలిన దాని మీద వడ్డీ పడుతుంది. గడువు లోపల మొత్తం కట్టేయాలి. ఏడాదిన్నర అలా చేసి రమ్మంది.

అప్పటిదాకా ఆగలేమని ఆసుపత్రి వాళ్ళు వేరే మనిషికి పని ఇచ్చేశారు. ఆమెకు ఆ వారమంతా అన్నం సయించలేదు. అయినా కార్డు తీసుకుంది.

ఆమె భర్త లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. కార్డు సంగతి ఫోనులో విని భయపడ్డాడు.

"అప్పు నిప్పులాంటిదంటారు కదే."

"నిప్పుతోనేగా వండుకు తింటున్నాం. అంటించడం, ఆర్పడం వస్తే చాలు."

ఆ రెండూ ఆమె నేర్చుకుంది. ఫోము, గుడ్డ కొనేటప్పుడు మాత్రమే కార్డు తీసేది. చీర కొట్లో, చెప్పుల కొట్లో అది సంచిలోంచి బయటికి వచ్చేది కాదు. బిల్లు వచ్చిన రోజే కట్టేసేది. ఫోము కొట్టు ఆయన ఆ సంగతి తెలిసి "ఇంత తొందరెందుకమ్మా, గడువుందిగా" అంటే, "గడువు వాళ్ళది, పేరు నాది" అనేది.

ఆ ఏడాదిన్నరలో సగం గడిచాక అన్నయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి వదినను కూడా తీసుకొచ్చాడు. షాపుకు ఏసీ కొనాలట. తన కార్డు నిండిపోయిందట.

"నీ కార్డు ఒక్కసారి గీకు. నెలనెలా నీ చేతికి ఇచ్చేస్తాను. నీకూ స్కోరు పెరుగుతుంది."

"ఇవ్వను."

"నేను పరాయివాణ్ణా?"

"కాదు. పేరు అప్పిచ్చే పని మనింట్లో ఒకసారి అయింది. ఇక చాలు."

అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. "నాన్న పోయాక నిన్ను నిలబెట్టింది ఎవరు? నా పేరు లేకపోతే నీకు ఆ మిషన్ ఉండేదా?"

"లేదు. నేను కట్టకపోతే నీకు ఆ పేరు ఉండేదా?"

వదిన అతని చేయి పట్టుకుని లాక్కెళ్ళింది. వెళుతూ గుమ్మంలో, "నా షాపు పని ఇక నీకు రాదు" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. ఆమె దగ్గరికి వచ్చే సోఫాల్లో సగం అతని షాపువే. ఆ నెలాఖరుకు కార్డు మీద ఫోము బిల్లు నిండుగా ఉంది, చేతిలో పని లేదు. ఫోనులో బ్యాంకు సందేశం వచ్చింది, కనీసం ఇంత కడితే చాలని. ఆ అంకె ఎంత చిన్నదో చూస్తే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. ఆమె ఫోను బల్ల మీద బోర్లించి, సుత్తీ కత్తెరా సంచిలో వేసుకుని బస్సుల గ్యారేజీకి నడిచింది.

అక్కడ చిరిగిన సీట్లు గుట్టలుగా ఉన్నాయి. మేనేజరు ఆమెను ఎగాదిగా చూసి, "ఆడవాళ్ళు చేసే పని కాదమ్మా" అన్నాడు.

"ఒక సీటు చేస్తాను. నచ్చకపోతే డబ్బులివ్వకండి."

ఎండలో నిలబెట్టిన బస్సులో, రెండు సీట్ల మధ్య వెల్లకిలా పడుకుని పనిచేసింది. రెక్సిన్ పెనంలా కాలింది. సీటు కింద ఎవరో అంటించిన బబుల్ గమ్ ఎండకు మెత్తబడి జుట్టుకు అంటుకుంది. మేనేజరు ఆ సీటు మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఆ బస్సు మొత్తం ఇచ్చాడు. తర్వాత ఇంకోటి. గడువు రోజున ఆమె బిల్లు మొత్తం కట్టేసి, ఇంటికెళ్ళి తలలో బంక పట్టిన వెంట్రుకలు కత్తిరించుకుంది.

ఏడాదిన్నర దాటాక బ్యాంకుకు వెళ్ళింది. అప్పుల బల్ల దగ్గరి అమ్మాయి కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పి చూపించింది. మంచి స్కోరే ఉంది. కానీ బ్యాంకు మేనేజరు గదిలోకి వెళితే ఆయన, "మీ అన్నగారు హామీ సంతకం పెడితే పని తేలికవుతుందమ్మా" అన్నాడు.

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "అప్పుడు చరిత్ర లేదన్నారు. తెచ్చాను. ఇప్పుడు అన్నయ్యను తెమ్మంటున్నారు. ఆయన్ని తెస్తే రేపు ఎవర్ని తెమ్మంటారు సార్? ఇవ్వలేమంటే కారణం కాగితం మీద రాసివ్వండి. ఇంకో బ్యాంకుకు చూపించుకుంటాను."

ఆయన ఆమె కాగితాలు ముందుకు లాక్కున్నాడు. అడిగినదానికన్నా కాస్త తక్కువ మంజూరు చేశాడు. మిగతాదానికి బస్సు సీట్ల మీద సంపాదించింది ఉంది. మిషన్ దిగిన రోజు భర్త ఊళ్ళోనే ఉన్నాడు. ఇద్దరు కూలీలతో కలిసి మోస్తూ, "లారీ ఇంజనే నయం" అని గొణిగాడు.

అన్నయ్య కొన్నాళ్ళకు ఫోన్ చేశాడు. కొత్త మనిషి కుట్టిన సోఫాలు వెనక్కి వస్తున్నాయట. చేస్తానంది. ధర చెప్పింది. "నాక్కూడా ఇంతేనా?" అన్నాడు. "నీకూ ఇంతే అన్నయ్యా" అంది. కాస్త మూలిగి ఒప్పుకున్నాడు. భోజనానికి రమ్మని పిలిచాడు కూడా. వెళ్ళింది.

ఈ మధ్య పక్కసందులో ఇస్త్రీ చేసే ఆవిడ వచ్చి, "అక్కా, నాకు కార్డు ఇప్పించు, నువ్వొక సంతకం పెట్టు" అని అడిగింది.

"సంతకం పెట్టను. తోడొస్తాను, పద" అని సోఫాలక్క నోట్లోని మేకులు అరచేతిలోకి ఉమ్మి, షట్టరు దించింది.