జల్లించిన బూడిద

పిల్లలూ, మీ పెద్దమ్మను చూసుకునే ఆలూరావిడ బంగారం అని మీ అమ్మ ఫోనులో చెబుతూ ఉంటుంది కదా. నేనూ పక్కనుండి అవునంటాను. మీకు మాత్రం నిజం చెబుతాను. ఆమె అంటే నాకు కుళ్లు.

మీ పెద్దమ్మకు, అంటే నా పెద్దకూతురికి, పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదు. మాటలు పదో పన్నెండో వచ్చు. నలభై ఏళ్లు నేనే నీళ్లు పోశాను, జడ వేశాను, ముద్ద కలిపి నోట్లో పెట్టాను. మీ తాత పోయాడు, నా మోకాళ్లు పోయాయి. అప్పుడు మీ అమ్మ వచ్చి బద్వేలులో ఆ ఇల్లు చూసింది. పెద్ద ఆశ్రమం కాదు. నేతగాళ్ల వీధిలో మామూలు అద్దె ఇల్లు. మీ పెద్దమ్మలాంటి వాళ్లు నలుగురు, ఆలూరు నుంచి వచ్చి వాళ్లతోనే ఉండి చూసుకునే ఆ ఆలూరావిడ. నెలకొకసారి నేను బస్సెక్కి వెళ్లి చూసి వస్తాను.

మొదటి నెల వెళ్లేసరికి మీ పెద్దమ్మ తన చేత్తో తాను తింటోంది. గడ్డం నిండా పప్పు, ఒళ్లో మెతుకులు.

"అంతా మీద పోసుకుంటాండాది. కలిపి పెట్టొచ్చు కదమ్మా" అన్నాను.

"పోసుకోనీలేమ్మా. గుడ్డలు ఉతుక్కోవచ్చు" అని ఆమె నవ్వింది.

ఆ నవ్వు ఇల్లు చేరేదాకా నా వెంటే వచ్చింది. రెండో నెల ఆమె వేసిన జడ విప్పి నేను మళ్లీ వేశాను. జడ బాగానే ఉంది. అయినా విప్పాను. ఫోను చేస్తే మీ పెద్దమ్మ "అమ్మా" అనేది, ఆ వెంటనే "అక్క" అని ఫోను ఆమె చేతికి ఇచ్చేసేది.

ఇక లాభం లేదు, ఇంటికి తెచ్చేసుకుందాం అనుకున్నాను. మీ అమ్మకు చెప్పలేదు. బట్టలు పెట్టడానికి ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని బస్సెక్కాను. ఇంట్లో పూజ ఉండాది, నాలుగు దినాలు పిల్చుకుపోతా అని చెప్పాలి. అదీ నా ఉపాయం. ఆ తర్వాత వెనక్కి పంపేది లేదు.

వెళ్లేసరికి మీ పెద్దమ్మ ఇంట్లో లేదు.

"పక్కింట్లో పనిలో ఉండాది" అంది ఆలూరావిడ.

"దానికేం పని?"

"రామ్మా, సూద్దువు గానీ."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మీ పెద్దమ్మకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. పక్కన ఎవరు కూర్చున్నా కొంగు అందుకుని, అంచులో పోగులు లాగి, రెండేసి కలిపి మెలిపెడుతూ ఉంటుంది. నా కొంగులన్నీ అట్లా తాళ్లయిపోయాయి. చేతి మీద ఒక్కటి వేసి "ముట్టొద్దు" అనేదాన్ని.

పక్కింట్లో మగ్గం ముందు కూర్చుని మీ పెద్దమ్మ అచ్చు అతుకుతోంది. అంటే, నేత అయిపోయిన పాత పడుగు నిలువుదారాల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపడం. ముడి వేయకూడదు, వేస్తే ఇరుక్కుంటుంది. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటూ మెలిపెట్టాలి. ఇట్లా వేల పోగులు.

"మా ఇంటిదానికి కండ్లు కనపడవక్కా. నీ బిడ్డ లేకపోతే ఈ పడుగు ఎక్కేదే కాదు" అన్నాడు ఆ ఇంటి నేతాయన.

"ఎప్పుడు జూసినా నా కొంగు మెలిపెడతాంటాది. ఈళ్లింట్లో అతికేది సూసి, ఇది మా పాప చేసే పనే కదా అనుకుంటి" అంది ఆలూరావిడ. "మాది సేద్యం, మగ్గం గురించి నాకేం తెలుసు?"

నాకు తెలుసు. పుట్టింది నేతింట్లో, మెట్టింది నేతింట్లో. నా కళ్ల ముందే, నా కొంగు మీదే నలభై ఏళ్లు ఆ వేళ్లు ఆ పనే చేశాయి. జొన్నచేలల్లో పెరిగినామె చూసింది, నేను చూడలేదు.

అతికిన పోగు నిలిచిందో లేదో మెల్లగా లాగి చూస్తారు. నేను వంగి ఒక పోగు లాగాను. మెల్లగా లాగలేదు. తెగింది.

"సూడండి, నిలవలే" అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినిపించింది.

మీ పెద్దమ్మ నా చేతి మీద ఫట్‌మని ఒక్కటి వేసింది. "ముట్టొద్దు!"

"అబ్బో, మేస్త్రీకి కోపమొచ్చె!" అని నేతాయన పడీ పడీ నవ్వాడు. మీ పెద్దమ్మ నవ్వలేదు. తెగిన రెండు కొసలూ వెతికి పట్టుకుని, బూడిద అద్దుకుని మళ్లీ అతికింది. ఈసారి నేను లాగలేదు.

బయటికి వచ్చాక ఆలూరావిడ నా చంకలోకి చూసింది. "ఏమ్మా, సంచి తెచ్చినావు?"

పూజ అనబోయాను. "ఈడ ఎండుమిరపకాయలు బాగుంటాయంట, తీసకపోదామని" అన్నాను.

ఆమె నా మొహం వైపు ఒక్క క్షణం చూసింది. అర్థమైనట్టే ఉంది. నాతో అంగడి దాకా వచ్చి, ఏరి ఏరి సంచి నిండా మిరపకాయలు పోయించింది. దానికీ కుళ్లుకున్నాను.

మగ్గం దగ్గర ఒక్కటి మాత్రం నా కంట పడింది. వాళ్లు పెట్టిన బూడిద పొయ్యిలోనుంచి తీసింది తీసినట్టే ఉంది. అంతా గరుకు పలుకులు. మీ పెద్దమ్మ వేలికొసలు ఎర్రగా కందిపోయాయి. ఇంటికొచ్చి పిడకలు కాల్చాను. ఆ బూడిద జల్లించి, మరుసటి నెల డబ్బాలో పట్టుకెళ్లాను. మీ పెద్దమ్మ అందులో వేలు పెట్టి, రుద్ది చూసుకుని, పక్కనున్న పాత బూడిద పళ్లేన్ని మోచేత్తో అవతలికి నెట్టేసింది. అప్పటి నుంచి నా డబ్బాలో తప్ప వేలు పెట్టదు. నా కొంగు మాత్రం ఇప్పుడు ముట్టుకోదు. పక్కన పరిచిపెట్టినా ముట్టుకోదు.

"ఇంత మెత్తగా ఎట్లొచ్చిందమ్మా? సెప్పు, మేమూ ఈడే చేసుకుంటాం" అని ఆలూరావిడ అడిగింది.

"మీకు రాదులేమ్మా. నెలనెలా నేనే తెస్తా" అన్నాను.

అందులో ఏమీ లేదు పిల్లలూ. మీ తాత పాత పంచెలో మూడుసార్లు జల్లించాలి, అంతే. మీకు చెప్పాను. ఆమెకు చెప్పకండి.