నిప్పుకోడికి నేనిచ్చిన తొమ్మిదో కార్డు

ఆ మనిషికి నా చేత్తో తొమ్మిది ఎర్ర కార్డులు ఇచ్చాను. అందులో ఎనిమిదింటికి నాకు రవ్వంత పశ్చాత్తాపం లేదు. మళ్లీ ఇవ్వమన్నా ఇస్తాను. ఈ రాతంతా తొమ్మిదో దాని గురించి.

మా లీగులో ఇరవై రెండేళ్లు ఫుట్‌బాల్ రెఫరీగా చేశాను. అది ఆదివారాల పని. మిగతా రోజుల్లో నీటి సరఫరా ఆఫీసు తరఫున ఇల్లిల్లూ తిరిగి మీటర్లు చూసి రాసుకుంటాను. రెండు పనుల్లోనూ జనం నన్ను చూడగానే మొహం చిట్లిస్తారు, అలవాటైపోయింది. నాకు కోపం తక్కువని ఇంతవరకూ ఎవరూ అనలేదు, మా ఆవిడ అసలే అనదు. కాకపోతే నా మెడలో విజిల్ ఉండేది కనుక నా కోపాన్ని క్రమశిక్షణ అన్నారు. వాడి మెడలో లేదు కనుక పొగరన్నారు.

వాడంటే నిప్పుకోడి. పొడుగు కాళ్లు, చిన్న తల, పరుగు అందుకుంటే దుమ్మే తప్ప మనిషి కనపడడు. డిపోలో బస్సుల చక్రాలు విప్పి బిగించే పని వాడిది. ఆ పేరు పెట్టింది కూడా డిపో వాళ్లే. పంతొమ్మిదో ఏట డిపో జట్టులో ఫార్వర్డ్‌గా దిగాడు. మొదటి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టాడు. మూడోది కొట్టాల్సిన చోట, బంతి ఆలస్యంగా ఇచ్చాడని సొంత జట్టువాడి కాలర్ పట్టుకున్నాడు. బంతి అక్కడే ఉంది, ఎదురుగా గోలు ఖాళీగా ఉంది, వీళ్లిద్దరూ కొట్టుకుంటున్నారు. అవతలి జట్టు నడుం మీద చేతులేసుకుని తమాషా చూసింది. విజిల్ ఊదుదామంటే నాకు నవ్వు ఆగలేదు.

ఆట మాత్రం, అబ్బబ్బ! గోలుకి వీపు పెట్టి బంతి అందుకుని, భుజం ఇటు తిప్పి మనిషి అటు పోయేవాడు. వాడిని కాపు కాసిన బ్యాక్‌కి ఆ సాయంత్రం మెడ పట్టేసేది. కుడికాలు, ఎడమకాలు అన్న తేడా లేదు. ముక్కు మీద కోపం ఒక్కటి లేకపోతే ఏమయ్యేవాడో అని ఊరంతా నిట్టూర్చేది. కార్నర్ జెండా పీకి నా వెంటపడ్డాడు ఒకసారి. ఇంకోసారి మైదానం నడిబొడ్డున నిలబడి, నా కళ్లకి పరీక్ష చేయిస్తానని, దగ్గరుండి తీసుకెళ్తానని అరిచాడు. ఆటగాణ్ణి బయటికి పంపితే అదే సాయంత్రం రిపోర్టు రాసివ్వాలి, అన్న మాటలు అన్నట్టే రాయాలి. లీగు ఆఫీసులో గుమాస్తాలు వాడి రిపోర్టులు ఒకరికొకరు చదివి వినిపించుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు.

వాడి కోపం పాలపొంగు. సోమవారం పొద్దున వాళ్ల వీధిలో మీటరు మూత తీస్తూ కూర్చుంటే వెనకనుంచి వచ్చి నిలబడేవాడు.

"సార్, నిన్న కొంచెం ఎక్కువ మాట్లాడానా?"

"కొంచెమా! రెండు పేజీలొచ్చింది."

"గాడిద అన్నది కూడా రాశారా?"

"మొదటి లైను అదే."

నెత్తి గోక్కునేవాడు. ఆ తర్వాత నా చేతిలో టార్చి లాక్కుని, నేను అంకెలు రాసుకునేదాకా వంగి వెలుగు పట్టేవాడు. అలాంటి వాడి మీద ఎంతసేపు కోపం ఉంటుంది చెప్పండి?

వాడి ఇరవై ఐదో ఏట దేశం జట్టుకి ఆటగాళ్లను ఎంచేవాళ్లు మా లీగుకి వస్తున్నారని ఉత్తరం వచ్చింది. మూడు ఆదివారాలు, మూడు మ్యాచ్‌లు చూస్తారు. వాళ్లు చూడబోయేది వాడినే. ఇరవై ఐదు దాటిన ఫార్వర్డ్ కోసం ఎవరూ రెండోసారి రారు. వాళ్లమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికేది. ఆ నెల రీడింగుకి వెళ్తే ఆవిడ నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"అన్నయ్యా, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని వీడికి చెప్పీ చెప్పీ నా నోరే పోయింది. మీ మాటంటే వీడికి గురి. ఈ మూడు వారాలన్నా కాస్త అదుపులో ఉండమనండి."

వాడు గుమ్మంలో నిలబడి బూట్ల మట్టి గీకుతున్నాడు.

"ఇలా రారా," అన్నాను. "ఈ మూడు మ్యాచ్‌లూ రెఫరీ ఏం చేసినా నువ్వు నోరు విప్పడానికి వీల్లేదు."

"తప్పు చేస్తేనో?"

"చేస్తే చేస్తాడు. నీ పని ఆడటం. మాట్లాడితే నీ కాళ్లు నువ్వే నరుక్కున్నట్టు."

వాళ్లమ్మ మీద ఒట్టు వేశాడు. నిలబెట్టుకున్నాడు కూడా. మొదటి రెండు మ్యాచ్‌ల్లో నాలుగు గోల్స్. రెండో మ్యాచ్‌లో ఎవరో కొత్త రెఫరీ, కళ్లెదుట పెనాల్టీ ఇవ్వకుండా వదిలేశాడు. ఇప్పుడు పేలుతుంది చూడండని గ్యాలరీ అంతా చెవులు రిక్కించింది. వాడు కింద కూర్చుని బూటు లేసు కట్టుకున్నాడు. ఆ రోజు వాడి లేసు పదకొండుసార్లు ఊడింది, పాపం.

మూడో మ్యాచ్ నాది. గ్యాలరీలో ఎంచేవాళ్లిద్దరి పక్కనే, నన్ను మొదటి తరగతి రెఫరీని చేయాలా వద్దా అని తేల్చే పరీక్షకుడు కూడా కూర్చున్నాడు. డెబ్భయ్యో నిమిషంలో డిపోకి కార్నర్ కిక్ వచ్చింది. బంతి గాల్లోకి లేచింది, గోలు ముందు పదిమంది ఎగిరారు. నాకు అడ్డంగా మూడు వీపులు. దిగేసరికి అవతలి బ్యాక్ ముక్కు పట్టుకుని కింద పడి ఉన్నాడు, వేళ్ల సందుల్లోంచి రక్తం. పక్కన ఎవరున్నారా అని చూశాను. నిప్పుకోడి ఉన్నాడు. నా చెయ్యి జేబులోకి వెళ్లింది, కార్డు పైకి లేచింది.

మా మీటర్ల పనిలో ఒక దొంగపద్ధతి ఉంది. మూత తుప్పు పట్టి తెరుచుకోకపోతే, బద్ధకస్తుడు పాత నెలల అంకెలు చూసి సగటు వేసి రాసేస్తాడు. నేను జన్మలో అలా రాయలేదని తోటివాళ్ల దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. ఆ రోజు మైదానంలో చేసింది అచ్చంగా అదే. ఆ ముక్కుకి తగిలిందేమిటో నేను చూడలేదు. పాత ఎనిమిది కార్డులు చూసి తొమ్మిదోది రాసేశాను.

వాడు కార్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు, నోరు విప్పకుండా నడిచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆట మొదలైన రెండు నిమిషాలకి అవతలి గోల్‌కీపర్ వంగి తన తెల్ల గ్లవ్‌ని గడ్డికేసి రుద్దుతూ కనిపించాడు. వేలి కణుపుల మీద ఎర్రగా ఉంది. బంతిని గుద్దబోయి సొంతవాడి ముక్కు గుద్దాడన్నమాట. ఆ కీపర్ నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా మొహాలు తిప్పుకున్నాం.

ఆట మళ్లీ మొదలయ్యాక కార్డు వెనక్కి తీసుకునే వీలు లేదు. కానీ రిపోర్టులో "నేను పొరబడ్డాను" అని ఒక్క మాట రాస్తే శిక్ష ఉండదు, దేశం జట్టు జాబితాలో వాడి పేరు నిలబడుతుంది. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? మ్యాచ్ అయ్యాక రెఫరీల గదిలో బెంచీ మీద కాగితం పెట్టుకుని అరగంట కూర్చున్నాను. పరీక్షకుడు తలుపు తోసి, "మంచి నిర్ణయమయ్యా, తడుముకోలేదు," అని భుజం తట్టి వెళ్లాడు. "కావాలని మోచేత్తో కొట్టాడు" అని రాశాను.

బుధవారం విచారణ. పొడుగు బల్ల వెనక ముగ్గురు పెద్దమనుషులు, నేను ఒక పక్క. "నువ్వేమైనా చెప్పుకునేది ఉందా?" అని అడిగారు. వాడు నా వైపే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. కోపంతో చూస్తున్నాడనుకుని నేను కాగితాలు సర్దుకున్నాను. "ఏం లేదండీ," అన్నాడు. ఆరు మ్యాచ్‌ల నిషేధం పడింది. శుక్రవారం అచ్చయిన జాబితాలో వాడి పేరు లేదు. నాకు మొదటి తరగతి వచ్చింది.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు డిపోకే ఆడాడు. ఒక్క కార్డు లేదు, ఒక్క మాట లేదు. గోల్స్ కొట్టేవాడు, కొట్టి చప్పుడు లేకుండా వెనక్కి నడిచేవాడు. "కుక్క తోక కూడా వంకర తీరింది, అంతా రెఫరీ గారి చలవ," అన్నారు జనం. వాళ్లింటికి రీడింగుకి వెళ్తే వాళ్లమ్మ మంచినీళ్లు ఇస్తూ, "ఆ ఒక్క రోజు ఓర్చుకోలేకపోయాడన్నయ్యా, మీరు అంత చెప్పినా," అని కొడుకు ముందే అనేది. వాడు వినపడనట్టు టార్చి పట్టేవాడు. నేను నీళ్లు తాగేవాణ్ణి. సిగ్గులేదా అంటారా? ఉంది కాబట్టే చెప్పలేకపోయాను.

మోకాలు చెడి, ముప్పై మూడో ఏట ఆట మానేశాడు. డిపో క్యాంటీన్‌లో వీడ్కోలు సభ పెట్టారు. వాణ్ణి దారిలో పెట్టిన మనిషిగా నన్ను మాట్లాడమన్నారు. ముందు వరసలో వాడూ, పక్కన వాళ్లమ్మా. జేబులో పొగడ్తలు రాసుకెళ్లిన కాగితం ఉంది. మైకు ముందు నిలబడితే అందులో ఒక్క ముక్క కూడా నోట్లోంచి రాలేదు. గ్లవ్ సంగతి చెప్పాను. రిపోర్టు సంగతి చెప్పాను. "వీడు కొట్టలేదు. కొట్టలేదని తెలిసే రాశాను," అన్నాను. గరిటెల చప్పుడు కూడా ఆగిపోయింది.

వాడు లేచాడు. మీద పడతాడనుకున్నాను. పడితే బాగుండుననీ అనుకున్నాను.

"ఆ గ్లవ్ నేనూ చూశాను సార్, బయట కూర్చుని," అన్నాడు.

"మరి విచారణలో ఎందుకు చెప్పలేదురా?"

"మీరు చెబుతారేమోనని చూశాను. శుక్రవారం దాకా చూశాను."

వాళ్లమ్మ వాడి చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది.

"నువ్వు కొట్టలేదట్రా?"

"లేదమ్మా."

"ఎనిమిదేళ్లు నిన్ను ఆడిపోసుకున్నాను కదరా! నాకైనా ఒక్క మాట చెప్పొద్దూ?"

"చెబితే నమ్మేదానివా అమ్మా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగాడు. ఆవిడ పట్టుకున్న చొక్కా అంచు వదిలేసింది. తర్వాత తల తిప్పి నా వైపు చూసింది.