పూసల బేబి అమెరికా బేరం

మా జి.మాడుగుల వైపు గొల్లోరి బేబి అని అడిగితే ఎవరూ చెప్పలేరు. పూసల బేబి అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. సంతరోజున ఆమెను నా జీపులోనే తీసుకెళ్తాను. దారంతా కబుర్లు చెబుతూనే పూసలు గుచ్చుతుంది. జీపు ఎన్ని గుంతల్లో పడినా ఒక్క పూస జారగా నేను చూడలేదు.

సంతలో ధర మాత్రం తగ్గించదు. డబ్బులిచ్చాక పిడికెడు రాజ్మా గింజలో, సామలో కొసరు పోస్తుంది. మా ఊళ్ళో కొసరు వెయ్యకుండా సరుకు ఇచ్చారంటే, కొన్నవాళ్ళ మీద కోపంగా ఉన్నారని అర్థం.

పాడేరులో డిగ్రీ చదివే బేబి మేనకోడలు సరళ రెండేళ్ళ కిందట ఆమె దండలకు ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టింది. అమెరికాలో కేరీ అనే ఆవిడ ఒకటి కొంది. తర్వాత మళ్ళీ మళ్ళీ కొంది. బేబికి ఆవిడ కేరమ్మ అయిపోయింది. ప్రతి పార్శిల్‌లో దండల అడుగున గుడ్డలో మూటకట్టి పిడికెడు రాజ్మా పెట్టేది. ఆ సంగతి సరళకు కూడా చెప్పలేదు. కొసరు చెప్పి వెయ్యరు కదా. ఆ గింజలు వండుకున్నానని కేరమ్మ ఫొటో పంపేదాకా మాకెవరికీ తెలియదు.

నిరుడు అమెరికా వాళ్ళు మన సరుకు మీద పన్ను బాగా పెంచారు, వందకు యాభై. చిన్న పార్శిళ్ళకు ఉన్న మినహాయింపు కూడా తీసేశారు. ఆ తర్వాత బేబి పంపిన పార్శిల్ రెండు నెలలకు తిరిగొచ్చింది. దండలున్నాయి, గింజలు లేవు. కాగితంలో రాయని విత్తనాలు దొరికాయని పైన చీటీ అంటించారు.

"కేరమ్మ ఏటనుకుంటాదో" అంది బేబి. నాకు నవ్వొచ్చింది గానీ ఆమెకు రాలేదు.

ఇంతలో కేరమ్మ మళ్ళీ రాసింది. కూతురి పెళ్ళికి పన్నెండు దండలు కావాలట. పన్నులో సగం తను కడుతుందట, సగం బేబి కట్టాలట. ఈసారి కూడా రాకపోతే ఇక అక్కడ దొరికేవే కొనుక్కుంటానంది. బేబి సరేనంది.

పాడేరులో పార్శిల్ దుకాణం వరహాలరావుది. నర్సీపట్నం నుంచి వచ్చి స్థిరపడ్డాడు. మంచివాడే, సలహాలు ఎక్కువ.

"దండ ఏడొందలా? రెండొందలని రాసీ అమ్మా. పన్ను తగ్గుద్ది. ఎవుడు సూత్తాడు?"

"నేను సూత్తాను బాబూ. ఏడొందల దండని రెండొందలంటే నా పూస సిన్నబోదా?"

అతను పెట్టె తెరిచాడు. అడుగున గుడ్డమూట.

"ఇదేటమ్మా?"

"కొసరు."

"ఓపాలి ఎనక్కొచ్చినా బుద్ధి రానేదా తల్లీ?"

"పన్ను సగం నా మీద ఏసింది బాబూ ఆవిడ. ఇప్పుడు కొసరు నేకుండా పంపితే, దానికి నాకు కోపమొచ్చిందనుకోదా?"

సరళ తల పట్టుకుంది. "అత్తా, అమెరికావోలకి కొసరంటే ఏటో తెలీదు."

"వండుకుని తిన్నాది కదే. తెలీకేటి?"

"గింజలొద్దు గానీ, ఓ పూసల గాజు పెట్టెలో పెట్టమ్మా" అన్నాడు వరహాలరావు. "దానికీ ధర రాయాల మరి."

"ధర రాత్తే కొసరెలాగవుద్ది?"

బేబి పెట్టె చంకన పెట్టుకుని "జీపు తియ్యి ధర్మా" అంది. ఆ వారం సంతకు కూడా రాలేదు. గింజల మూట తీసేసి, పన్నెండు దండలూ విప్పి, ఒక్కోదానికి రెండేసి వరసలు ఎక్కువ గుచ్చింది. ధర మాత్రం అదే. దండలు పన్నెండు, ఒక్కోటి ఏడొందలు అని ఉన్నదున్నట్టే కాగితంలో రాయించింది.

"బరువెక్కినాదమ్మా, చార్జీ పెరుగుద్ది" అన్నాడు వరహాలరావు తూకం చూసి.

"పెరగనీ."

పెళ్ళికి నాలుగు రోజుల ముందు దండలు చేరాయి. కేరమ్మ మెసేజ్‌ని సరళ జీపులోనే మాకు తెలుగు చేసి చెప్పింది. ఫొటోలో మూడు వరసలే ఉన్నాయట, వచ్చినవాటికి అయిదున్నాయట. పొరపాటైతే తేడా డబ్బులు పంపుతుందట.

"డబ్బులొద్దని రాయి" అంది బేబి. "నాకు కోపం నేదని కూడా రాయి."

"కోపమెందుకని అడుగుతాది అత్తా."

"అడగనీయే. అడగాలంటే మల్లీ రాయాల కదా."