"మర్యాద" అన్న గొంతు

కొండ మీది పల్లె నుంచి మిర్లాండ్‌ను రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌కు తీసుకుపోతూ యోలెన్ గట్టిగా చెప్పింది: "సొంత కూతుర్లా చూసుకుంటా. బడికి పంపిస్తా." పిల్ల తల్లి క్లెర్మీజ్ నమ్మింది. ఇంట్లో ఇంకో నలుగురు, చేలో ఎండిన మొక్కజొన్న. నమ్మక ఏం చేస్తుంది?

మాట తప్పిందని యోలెన్‌ను అనలేం. మిర్లాండ్ రోజూ బడికి వెళ్లేది, యోలెన్ కూతురి సంచి మోసుకుంటూ, గేటు దాకా. ఆ తర్వాత నీళ్లు మొయ్యడం, బొగ్గుల పొయ్యి రాజెయ్యడం, అందరి బట్టలూ ఉతకడం, చివరికి గిన్నె అడుగున మాడు గోక్కుని తినడం. ఇంటికి పోతానంటే బెల్టు దెబ్బలు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

ఒకసారి ఆకలికి ఆగలేక రొట్టెముక్క తీసుకుంది. యోలెన్ మిరపకాయలు నూరి పిల్ల గొంతులో కుక్కింది. మనిషన్నది చేసే పనేనా అది! పుండ్లు మానాయి కానీ గొంతు బొంగురుపోయింది, పాత గొంతు మళ్లీ రాలేదు. అమ్మ వస్తే తీసుకుపోతుందన్న ఆశ ఒక్కటే ఆ పిల్లను నిలబెట్టింది.

అమ్మ వచ్చింది. కిటికీలోంచి చూసిన యోలెన్ మిర్లాండ్‌ను పెరట్లోని వంటపాకలోకి తోసి గడియ పెట్టింది.

"అమ్మా అని అరిచావో, ఈసారి గొంతులో నిప్పులే!"

అక్కడ ఎవరింటికి వెళ్లినా గేటు దగ్గర "గౌరవం!" అని పిలవాలి. లోపలివాళ్లు "మర్యాద!" అంటేనే రావాలి. పల్లెలో సంత నుంచి వచ్చే తల్లి సరదాకి అలా పిలిస్తే, మిర్లాండ్ సాగదీసి బదులు పలికేది. "మా ఇంటికి గంటెందుకే, నువ్వుండగా!" అని తల్లి నవ్వేది.

"గౌరవం!"

పిలుపుకు బదులివ్వడం పనిపిల్ల పనేగా, దానికి చంపరులే అనుకుంది మిర్లాండ్. ఆ ఒక్క మాట చాలు, అమ్మ పోల్చుకుంటుంది.

"మర్యాదా!"

యోలెన్ పరుగున గేటు దగ్గరికి వెళ్లింది.

"ఎవరక్కా అది?" అంది క్లెర్మీజ్.

"మా దగ్గర ఉండే పనిపిల్ల. నీ కూతురు హాస్టల్లో చదువుకుంటోంది. సెలవులకే వస్తుంది."

"హాస్టల్లోనా! నీ కడుపు చల్లగుండా. ఈ పిల్లదేంటక్కా, ముసలిదాని గొంతు? ఏ తల్లి కన్న బిడ్డో!"

"దగ్గు."

"నా బంగారానికని మామిడిపళ్లు తెచ్చా. సెలవుల దాకా ఉండవుగా, ఆ పిల్లకే పెట్టు." తర్వాత వంటపాక వైపు తిరిగి గొంతెత్తింది. "దేవుడు నిన్నూ చల్లగా చూస్తాడులే, తల్లీ!"

కన్నపేగు కదులుతుందంటారు. ఏం కదిలింది? మిర్లాండ్‌కు భయం తెగిపోయింది. తలుపు బాదుతూ ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"అమ్మా! అమ్మా!"

"పాపం, వాళ్లమ్మ గుర్తొచ్చినట్టుంది," అంది క్లెర్మీజ్. కళ్లు తుడుచుకుని, బస్సు పోతుందని గబగబా నడిచింది.