తలుపు వెనక పెద్దమ్మ

ఈ సాయంత్రం మా అక్క వీడియో కాల్ చేసింది. మా పాప ఫోన్ వైపైనా చూడలేదు. తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి పక్కగది తలుపు నెట్టి, దాని వెనక వెతికింది. పాప యాడికి పోయిందని అక్క అడుగుతూనే ఉంది. సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను. ఇప్పుడు పాప నిద్రపోయింది. నాకు నిద్ర పట్టక రాస్తున్నాను.

అక్క నర్సు. ఆఫ్రికాలో, మలావి దేశంలోని ఒక పల్లెలో మిషనరీగా ఉంది. మా ఇళ్లలో బిడ్డని దేవునికి ప్రతిష్ఠించే రోజు తల్లికి అక్క అయినామె ఎత్తుకుని చర్చి ముందుకు నడవాలి. నన్ను మా పెద్దమ్మ అలాగే ఎత్తుకుందట. అందుకే అక్క వచ్చేదాకా ఆగుదామన్నాను. ఈస్టర్‌కి వస్తానంది, ఆమె బదులు పనిచేసేవాళ్లు దొరకలేదు. తర్వాత అక్కడ వానలన్నది. అంతలో పాపకి పళ్లు వచ్చాయి, నడక వచ్చింది, ప్రతిష్ఠకి కుట్టించిన తెల్ల గౌను మోకాళ్ల పైకి పోయింది. మా అత్త దానికి కింద ఇంకో అంచు కుట్టింది, కుడుతున్నంత సేపూ గొణిగింది.

తీరా వచ్చాక అక్క మాకు దక్కలేదు. ఒకరోజు తిరువళ్లూరు, ఒకరోజు కనకమ్మ సత్రం, ఇంకోరోజు తిరుత్తణి. సెలవుకి వచ్చిన మిషనరీ ప్రతి చర్చిలో సాక్ష్యం చెప్పాలి, వాళ్లు పెట్టిన బిర్యానీ తినాలి. నేను పాపని చంకనేసుకుని బస్సుల్లో వెంట తిరిగాను. మలావిలో వరదలో తన జీపు ఇరుక్కున్న సంగతి అక్క ప్రతిచోటా చెప్తుంటే నాకు కంఠతా వచ్చేసింది, జీపు బయటపడే చోట అందరికన్నా ముందు నేనే ఆమెన్ అనేదాన్ని. ఇంట్లో ఉండమని ఒకరోజు గట్టిగానే అడిగాను.

“పిలిస్తే రానని ఎట్ల చెప్పేది చెల్లీ? ఇన్నాళ్లూ నాకోసం ప్రార్థన చేసినారు వాళ్లు” అంది.

“మేము చేయలేదా? నువ్వు రావాలనే కదా చేసినాము” అన్నాను.

ప్రతిష్ఠ రోజు అక్క ఎత్తుకోగానే పాప చర్చి అదిరేలా ఏడ్చింది. నా చేతిలోని ఫోన్ చూపిస్తూ “పెద్దమ్మ, పెద్దమ్మ” అంది. పుట్టినప్పటి నుంచీ దానికి పెద్దమ్మంటే ఫోనే. పాస్టరు అయ్యగారు గొంతు పెంచి ప్రార్థన ముగించారు. చివరికి పాపని నేనే మోశాను, అక్క ఖాళీ చేతులతో పక్కన నడిచింది. ఇంటికొచ్చాక మా అత్త, అక్కకి వినబడేలాగే, “ఊరికంతా తెలిసినామె, ఇంట్లో బిడ్డకి మాత్రం తెలీదు” అంది.

తిరిగి వెళ్లే ముందురోజు అక్క పక్కగదిలోకి పోయి, తలుపేసుకుని, అక్కడి నుంచి నాకు వీడియో కాల్ చేసింది. తెర మీద ఆ ముఖం చూడగానే పాప నవ్వింది. అక్క మాట్లాడుతూనే మెల్లగా తలుపు తీసుకుని బయటికొచ్చింది. పాప ఫోన్ చూసింది, ఆమెని చూసింది, మళ్లీ ఫోన్ చూసింది. తర్వాత చేతులు చాపింది. ఆ రోజంతా ఆమె చంక దిగలేదు.

“ముందే ఇది తోచలేదే నాకు” అంది అక్క.

“ముందు నువ్వు ఇంట్లో యాడుండావు?” అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

అక్కకి మళ్లీ సెలవు దొరికేసరికి పాప బడికి పోతూ ఉంటుంది. గౌను పొట్టిదైతే కింద అంచు వేసి కుట్టుకోవచ్చు. గడిచిపోయిన పసితనానికి ఏం తెచ్చి అతకాలి?