పూతరేకు వెలుగులో రొయ్య

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు, కెమెరా ఉంది. ఆ మధ్యాహ్నం బాబాయ్ వాళ్ల వసారాలో ఉన్నది ముగ్గురం: నేను, బాబాయ్, పిన్ని. వస్తువులు చెప్పాలంటే ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా, దాని లెన్సుని తిరగేసి బిగించే చవక రింగు (లెన్సు తిరగబడితే చీమ కూడా దున్నపోతులా కనబడుతుంది, వేలు పోసి మాక్రో లెన్సు కొనక్కర్లేదు), టేబుల్ ల్యాంపు, స్టీలు పళ్లెం, అందులో బాబాయ్ చెరువులోంచి అప్పుడే తెచ్చిన రొయ్య. వెలుగు నేరుగా పడితే తడి పెంకు అద్దంలా మెరుస్తుంది, ల్యాంపుకి పల్చటి కాగితం అడ్డం పెట్టమని నేను చూసిన ఫొటో పాఠం వీడియోలో చెప్పారు. అలాంటి కాగితం ఇంట్లో లేదు. పిన్ని ఆత్రేయపురం నుంచి తెచ్చుకున్న ఉత్త పూతరేకులున్నాయి, ఇంకా నెయ్యీ పంచదారా పెట్టనివి. ఒకటి తీసి ల్యాంపుకి క్లిప్పులతో తగిలించాను. (పిన్నిని అడగలేదు. అడిగితే ఇవ్వదు.)

ఫొటో ల్యాప్‌టాప్‌లో తెరిచి, "చూడు బాబాయ్" అన్నాను. నా ఉద్దేశం ఫోకస్ చూడమని. బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఒరేయ్ ఇంజినీరూ, ఆ మచ్చలేంట్రా?"

తలపెంకు నిండా తెల్లటి మచ్చలు. తెల్లమచ్చ జబ్బు పేరు మా వైపు గట్టిగా పలకరు. వచ్చిందంటే నాలుగు రోజుల్లో చెరువంతా చచ్చి తేలుతుంది. పక్క చెరువు అలాగే పోయింది. అప్పటికి బాబాయ్ రొయ్యలు కౌంట్ నూరు, అంటే కిలోకి నూరు తూగే పిల్లలు. పెరిగేకొద్దీ కౌంట్ తగ్గుతుంది, ధర పెరుగుతుంది. ఆ ఏడు బాబాయ్‌కి ఉన్న ఆశంతా ఆ చెరువే.

"మామూలు కంటికి ఏం కనబడట్లేదు కదండీ" అంది పిన్ని.

"కంటికి కనబడేసరికి ఏం మిగలదే. వీడి పుణ్యమా అని ముందే తెలిసింది."

"ల్యాబ్‌కి పంపుదాం బాబాయ్."

"రేపటికి గానీ చెప్పరు. రేపటికి ఏముంటుందిరా? చచ్చేలోపే పట్టేసి వచ్చినంతకి అమ్ముకోవాలి" అని ఫోనెత్తాడు. "వలలు తీసుకుని వచ్చెయ్యండి. అవునండీ, ఇప్పుడే." ఫోను బల్ల మీదే మర్చిపోయి బండెక్కి వెళ్లిపోయాడు.

నా ఫొటో నిజమైతే చెరువు జబ్బుతో పోతుంది, అబద్ధమైతే నా ఫొటోతో పోతుంది. ఒక్క ఫొటోని నమ్మకూడదని చదువుకున్నవాణ్ణి కనక రొయ్యని ఎడమచేతి బొటనవేలితో నొక్కిపట్టి మళ్లీ తీశాను. అంత దగ్గరి ఫొటోలో ఊపిరి తగిలినా బొమ్మ చెదిరిపోతుంది, ఊపిరి బిగబట్టి తీసిందే తీశాను. చివరికి ఒకటి కుదిరింది. అందులో నా గోరు మీద కూడా తెల్లమచ్చలు! జబ్బు నాకూ అంటుకుందనుకున్నాను. (బి.టెక్. చదివినవాడికి వచ్చిన మొదటి ఆలోచన అదే.) తర్వాత చూస్తే పళ్లెం అంచు మీదా ఉన్నాయి. స్టీలుకి జబ్బు రాదు కదా అని తలెత్తాను. ల్యాంపు వేడికి ఎండి, ఫ్యాను గాలికి రేకు అంచు పొట్టు పొట్టుగా రాలుతోంది. రొయ్యని తడిగుడ్డతో తుడిచాను. ఒక్క మచ్చ లేదు.

"పిన్నీ, తెల్లమచ్చ కాదు, పూతరేకు!"

"నా రేకులు ముట్టుకున్నావా?" అంది పిన్ని.

పళ్లెంతో సహా చెరువుకి పరిగెత్తాను. వలవాళ్లు అప్పటికే నడుంలోతు నీళ్లలో ఉన్నారు. "ఆపండి, ఆపండి!" అని అరుస్తూ గట్టెక్కి విషయం చెప్పాను. బాబాయ్ రొయ్యని ఎండకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు, గట్టు మీద కూలబడ్డాడు. "వలలు తీసెయ్యండి" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇకమీదట చీమల ఫొటోలు తీసుకోరా నాయనా" అన్నాడు.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, అసలైన మాక్రో లెన్సు కూడా ఉంది. అయినా దాచుకున్నది ఆ రెండో ఫొటోనే: రేకు పొట్టు అంటిన గోరు, పక్కన ఏ జబ్బూ లేని రొయ్య. అంత భయంలోనూ ఫోకస్ కుదిర్చిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముచ్చటేస్తుంది కూడా. చెరువు రెండు నెలలు ఆగి పట్టారు. కౌంట్ నలభై.