పదితో ఆగని లెక్క

కత్తెరబ్బాయికి యాభై ఎనిమిదేళ్లు. సెలూన్లో చేరిన రోజుల్లో నిజంగానే అబ్బాయి కాబట్టి ఆ పేరు పెట్టారు, ఆ తర్వాత మార్చే తీరిక ఎవరికీ లేకపోయింది. జుట్టు పలచబడింది, పళ్లు రెండు ఊడాయి, పేరు మాత్రం నిక్షేపంలా ఉంది. కిటికీ పక్క కుర్చీ ఆయనది. అందులో కూర్చున్నవాడికి తల వంచక తప్పదు, ఆయన కబుర్లు వినకా తప్పదు. ఒకాయన అల్లుడి సంగతి ఇంకొకాయనకి, ఆ ఇంకొకాయన కడుపుబ్బరం సంగతి మరొకాయనకి చేరవేస్తూ రోజంతా హాయిగా గడిపేసేవాడు.

ఇంట్లో ఆ భాగ్యం లేదు. భార్య పోయి నాలుగేళ్లయింది, పిల్లలు లేరు. ఒంటికాయ శొంఠికొమ్ము. సాయంత్రం తాళం తీసి అడుగుపెడితే "వచ్చావా" అని అడిగే దిక్కులేదు. చెప్పులు విప్పిన చప్పుడు కూడా ఆ ఇంట్లో పెద్దగానే వినిపిస్తుంది. వారానికొకసారి వచ్చే సెలవంటేనే ఆయనకి ఒళ్లుమంట.

అలాంటి మనిషికి కుడిచెయ్యి ఎదురు తిరిగింది. మొదట మణికట్టు దగ్గర సలిపింది, తర్వాత ఆ సలుపు మోచేతి దాకా పాకింది. కత్తెర ఆడించినప్పుడల్లా లోపల ఎవరో తాడు పట్టి లాగుతున్నట్టుండేది. చెబితే ఇంట్లో కూర్చోమంటారన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. చివరికి ఒకరోజు కత్తెర జారి కస్టమరు ఒళ్లో పడింది. దెబ్బేమీ తగల్లేదు గానీ, ఆ పెద్దమనిషి గెంతిన గెంతుకి షాపంతా గొల్లుమంది. నవ్వనివాళ్లు ఇద్దరే, కత్తెరబ్బాయి, షాపు యజమాని. ఆ యజమాని ఎవరో కాదు, స్వయానా బావమరిది, పోయిన భార్యకి తమ్ముడు.

"రెండు నెలలు రెస్టు తీసుకో బావా. అందాకా నీ కుర్చీలో కొత్తాయన్ని పెడతాను. ఈలోగా చెయ్యి బాగైతే కుర్చీ నీదే," అన్నాడు.

"కాకపోతే?"

బావమరిది దులిపిన తువ్వాలే మళ్లీ దులిపాడు. "ముందు బాగు చేసుకో బావా."

వ్యాయామాలు నేర్పే డాక్టరమ్మది చిన్న వయసు, పెద్ద గొంతు. ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ముంజేయి పొడవునా బొటనవేలితో నొక్కి చూసింది. నాలుగేళ్లలో ఆయన చెయ్యి పట్టుకున్న మనిషి ఆమే. ఇన్ని వేల తలలు తాకినవాడు, తనని తాకేవాళ్లు లేరన్న సంగతి అప్పుడే గమనించాడు. కళ్లు చెమ్మగిల్లాయి.

"అంత నొప్పా బాబాయ్ గారూ?"

"అంతేనమ్మా," అని నేరం నొప్పి మీదికి నెట్టేశాడు.

కండని ఎముకకి కట్టి ఉంచే తాళ్లు వాచాయని చెప్పి, ఏం చెయ్యాలో చూపించింది. ముంజేయి బల్ల మీద ఆనించాలి, అరచెయ్యి కిందికి చూస్తూ అంచు దాటి ఉండాలి. గుప్పిట్లో అరలీటరు నీళ్లసీసా. ఎడమచేత్తో సాయం పట్టి పైకెత్తాలి, కుడిచెయ్యి ఒక్కటే మెల్లగా కిందికి దించాలి.

"పదిసార్లే. అదీ రోజు విడిచి రోజు. కాస్త లాగినట్టుంటే ఫర్వాలేదు, పోటొస్తే అక్కడికక్కడే ఆపెయ్యండి. మర్నాడు పొద్దున నొప్పి పెరిగిందంటే ఎక్కువ చేశారన్నమాటే."

రెండు వారాల తర్వాత వెళ్లేసరికి చెయ్యి మునుపటికన్నా ఎక్కువ వాచి ఉంది. గ్లాసు ఎత్తడమే గగనమైపోయింది. డాక్టరమ్మ అదిరిపడింది.

"ఇంట్లో ఎలా చేస్తున్నారో చేసి చూపించండి."

ఆయన చెయ్యి బల్ల మీద ఆనించి "ఒకటీ..." అని మొదలుపెట్టాడు. బళ్లో హాజరు పిలిచినట్టు గొంతెత్తి మరీ లెక్కపెట్టాడు. పదీ అయింది, పదకొండూ అయింది. ఎందాకా పోతాడోనని ఆమె చూస్తోంది. ఇరవై దాటేసరికి ఆయన నుదురు చెమర్చింది, ఇరవై మూడు దగ్గర సీసా వణికింది.

"ఆపండాపండి! పదన్నాను కదా! ఎన్ని చేస్తున్నారు?"

"రెండొందల దాకా."

"రోజు విడిచి రోజేనా?"

"రోజూనమ్మా."

"ఓరి దేవుడా! కత్తెర మానిపించి రెట్టింపు చాకిరీ నేనే పెట్టానన్నమాట. ఏం బాబాయ్, నేను చెప్పింది అర్థం కాలేదా?"

అర్థం కాకేం, ఆయనేం పసివాడా! సీసా మూత ఇంకాస్త బిగించాడు.

"పదికి ఆపితే ఇల్లు మళ్లీ మూగబోతుందమ్మా," అన్నాడు. "లెక్కపెడుతుంటే ఇంట్లో ఓ గొంతు వినబడుతుంది. నాదేలే. అయినా వినబడుతుంది కదా."

డాక్టరమ్మ సీసా లాక్కుని సొరుగులో పెట్టేసింది. పదిరోజులు చేతికి పూర్తి విశ్రాంతి, తర్వాత మళ్లీ అయిదు నుంచి మొదలు. "రేడియో పెట్టుకోండి బాబాయ్," అంది చివరికి. రేడియో తిరిగి ఏమీ అడగదని ఆమెతో చెప్పబుద్ధి కాక తల ఊపాడు.

ఆ పదిరోజులూ ఆయన పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. కుర్చీ పోతే ఇక ఎన్నటికీ ఇలాగే కూర్చోవాలన్న భయమే ఆయన్ని కదలనివ్వలేదు. తర్వాత అయిదు, ఆపైన ఎనిమిది, ఆపైన పది. పదో లెక్కకి పళ్లు బిగపట్టి ఆపేవాడు.

రెండు నెలలు నిండేసరికి వాపు తీసింది. డాక్టరమ్మ చెయ్యి తిప్పి చూసి మురిసిపోయింది. "ప్రస్తుతానికి సగం రోజే. ఒంటిగంటకి కత్తెర కింద పెట్టెయ్యాలి," అని కాగితం మీద రాసిచ్చింది.

"కత్తెరబ్బాయొచ్చాడ్రోయ్!" అని షాపులో ఒకటే సందడి. ఒక్కో తల కాగానే ఆయన కుడిచెయ్యి చాచి, ఎడమచేత్తో వేళ్లని మెల్లగా తనవైపు లాక్కుని, కాసేపు అలా ఉంచి వదిలేవాడు. అల్లుడి సంగతి ఎందాకా వచ్చిందో తెలుసుకునేలోపే ఒంటిగంట కొట్టేసింది.

"ఇక ఇంటికెళ్లి హాయిగా పడుకో బావా. అదృష్టవంతుడివి," అన్నాడు బావమరిది.

కత్తెరబ్బాయి దువ్వెనలు కడిగిపెట్టి గుమ్మం దాకా వెళ్లాడు. బయట ఎండ తెల్లగా కాస్తోంది. ఇల్లు నాలుగు వీధుల అవతలే. కాసేపు నిలబడి, గిరుక్కున వెనక్కి తిరిగి వచ్చి కిటికీ పక్క కుర్చీలోనే కూలబడ్డాడు. మిగతా సగం రోజుకి అప్పుడే పనిలోకి దిగిన కొత్తాయన తెల్లబోయాడు.

"ఏం కావాలండీ?"

"క్రాపు."

కొత్తాయన మెడచుట్టూ గుడ్డ కట్టి, తలలో వేళ్లు పెట్టి చూశాడు. "ఈమధ్యే చేయించినట్టున్నారు. కత్తిరించడానికి ఏముందండీ ఇక్కడ?"

బావమరిది నవ్వబోయి, అద్దంలో బావ మొహం చూసి ఊరుకున్నాడు.

"ఉన్నంతే కత్తిరించు నాయనా," అని కత్తెరబ్బాయి కళ్లు మూసుకున్నాడు. "నిదానంగానే కానియ్. నాకు తొందరేం లేదు."